విద్యుత్ ధరల సర్దుబాటులో అసౌష్ఠవం: కృష్ణా డెల్టా సాగుదారుకు మిగిలేదేమిటి?

2025 నవంబరు నుంచి ఆంధ్రప్రదేశ్ విద్యుత్ వినియోగదారుల బిల్లుల్లో యూనిట్‌కు 13 పైసల చొప్పున తగ్గింపు మొదలైంది. ఇది రాయితీ కాదు, కొత్త పథకమూ కాదు. 2024–25లో ఇంధన, విద్యుత్ కొనుగోలు వ్యయ సర్దుబాటు పేరిట పంపిణీ సంస్థలు నెలనెలా యూనిట్‌కు 40 పైసల చొప్పున దాదాపు రూ.2,787 కోట్లు వసూలు చేశాయి. లెక్కలు పరిశీలించిన రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి అందులో దాదాపు రూ.1,863 కోట్లను మాత్రమే ఆమోదించింది. మిగిలిన రూ.923 కోట్ల పైచిలుకు సొమ్మును 12 నెలల్లో వినియోగదారులకు తిరిగి ఇవ్వాలని ఆదేశించింది. ఈ తగ్గింపు ఆ ఆదేశ ఫలితమే.

అధికంగా వసూలైన సొమ్ము తిరిగి రావడం ఆహ్వానించదగిన పరిణామమే. అయితే ఈ ఉదంతంలో గమనించవలసిన అంశం సొమ్ము పరిమాణం కాదు, దాని ప్రయాణ కాలం. 40 పైసలు వినియోగదారుడి నుంచి నెలల వ్యవధిలోనే, ముందస్తు విచారణ లేకుండా వెళ్లాయి. అందులోని 13 పైసలు తిరిగి రావడానికి ఆర్థిక సంవత్సరం ముగియాలి, లెక్కలు దాఖలు కావాలి, విచారణ జరగాలి, ఉత్తర్వు వెలువడాలి. ఆ తరువాత కూడా అవి 12 వాయిదాల్లో వస్తాయి. పెరుగుదలకూ తగ్గుదలకూ వేగంలో ఉన్న ఈ వ్యత్యాసాన్నే ఆర్థికశాస్త్రం ధరల సర్దుబాటులో అసౌష్ఠవం అంటుంది. దీనిని విద్యుత్ రంగ నిపుణులకే విడిచిపెట్టకుండా వ్యవసాయ శాస్త్రజ్ఞులు తమ అధ్యయన పరిధిలోకి తీసుకోవలసిన సమయం వచ్చింది.

డెల్టా సాగులో విద్యుత్తు స్థానం

కృష్ణా డెల్టా కాలువ సాగుకు పేరుగాంచిన ప్రాంతం. ప్రకాశం బ్యారేజీ నుంచి నీరు వాలు వెంబడి పొలానికి చేరుతుంది కనుక ఇక్కడ విద్యుత్తు ప్రధాన ఉత్పాదకం కాదన్న అభిప్రాయం చాలాకాలం చెలామణి అయింది. నేడు ఆ అభిప్రాయం నిలవదు. 2015 నుంచి గోదావరి నీటిని పట్టిసీమ వద్ద 24 పంపులతో ఎత్తి, పోలవరం కుడి కాలువ ద్వారా కృష్ణకు చేరుస్తున్నారు. ఆ నీరు కృష్ణలో కలిసే ఇబ్రహీంపట్నం చెంతనే డాక్టర్ నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రం ఉన్నది. నాగార్జునసాగర్ నుంచి నీరు ఆలస్యమైన ఏడాది డెల్టాలో నారుమడి పోయడానికి తోడ్పడే నీటిలో కొంత భాగం విద్యుత్తుతో ఎక్కి వచ్చినదే.

కృత్తివెన్ను, బంటుమిల్లి, నాగాయలంక మండలాల రొయ్యల చెరువుల్లో విద్యుత్తు ప్రాధాన్యం ఇంకా స్పష్టం. రాత్రి వేళ కిరణజన్య సంయోగక్రియ ఆగిపోయి, శ్వాసక్రియ మాత్రం కొనసాగుతుంది. తెల్లవారుజాము నాటికి నీటిలో కరిగిన ఆమ్లజని కనిష్ఠ స్థాయికి పడిపోతుంది. ఆ గంటల్లో ఏరేటర్లు ఆగితే పంట మొత్తం పోతుంది. అందువల్ల ధర ఎంతైనా రైతు వాడకాన్ని తగ్గించలేడు. గిరాకీకి సాగే గుణం లేని చోట ధరల అసౌష్ఠవం పూర్తి బరువుతో మీద పడుతుంది.

ఉచిత విద్యుత్తు పొందుతున్న మెట్ట, బోరు రైతుకు కూడా ఇది పరాయి విషయం కాదు. అతని మోటారుకు బిల్లు రాకపోవచ్చు. అతని ధాన్యం ఆడే మిల్లుకు బిల్లు వస్తుంది. దుగ్గిరాల ప్రాంతపు పసుపు నిల్వచేసే శీతల గిడ్డంగికి, రొయ్యను ఎగుమతి కేంద్రానికి చేర్చే ఐసు ఫ్యాక్టరీకి కూడా వస్తుంది. ఆ వ్యయంలో కొంత రైతుకు చెల్లించే ధరలో కోతగానో, నిల్వ అద్దెలో పెరుగుదలగానో తిరిగి అతని వద్దకే చేరుతుంది.

శాస్త్రం చెప్పేది

నేల భౌతికశాస్త్రం చదివిన విద్యార్థికి ఈ భావన కొత్తది కాదు. ఒకే చూషణ పీడనం వద్ద ఆరుతున్న నేలలో ఉండే తేమకూ, తడుస్తున్న నేలలో ఉండే తేమకూ తేడా ఉంటుంది. ఆరే వక్రరేఖ ఒకటి, తడిసే వక్రరేఖ మరొకటి. నేటి తేమను చెప్పాలంటే నేటి పీడనం తెలిస్తే చాలదు, నేల ఏ స్థితి నుంచి ఇక్కడికి వచ్చిందో కూడా తెలియాలి. దీనినే హిస్టరిసిస్ అంటారు. ధరల్లోనూ అంతే. ఉత్పత్తి వ్యయం ఒక స్థాయికి పైనుంచి దిగి వచ్చిందా, కింది నుంచి ఎక్కి వచ్చిందా అన్నదానిని బట్టి వినియోగదారుడు చెల్లించే ధర మారుతుంది.

1991లో బేకన్ బ్రిటన్‌లోని పెట్రోలు చిల్లర ధరలను పరిశీలించి, ముడి వ్యయం పెరిగినప్పుడు ధర తారాజువ్వలా లేస్తుందని, తగ్గినప్పుడు పక్షి ఈకలా నెమ్మదిగా దిగుతుందని వర్ణించాడు. 2000లో పెల్ట్జ్‌మన్ అమెరికాలో 77 వినియోగ వస్తువులను, 165 ఉత్పాదక వస్తువులను పరిశీలించి, ప్రతి మూడు మార్కెట్లలో రెండింటికి పైగా ఇదే ధోరణి ఉన్నదని చూపాడు. టోకు విద్యుత్తు విషయంలో జాక్‌మన్, ఫోన్ హిర్ష్‌హౌజెన్ 2008లో జర్మనీపై ఒక అధ్యయనం ప్రచురించారు. కర్బన ఉద్గార అనుమతుల ధర పెరిగినప్పుడు టోకు విద్యుత్ ధర స్పందించినంత బలంగా, అది తగ్గినప్పుడు స్పందించలేదని వారు కనుగొన్నారు. అన్ని మార్కెట్లూ ఒకే తీరున ఉంటాయని దీని అర్థం కాదు. ఉన్నదో లేదో ప్రతి చోటా కొలిచి చూడవలసిందేనని అర్థం.

ఆంధ్రప్రదేశ్‌లో అసౌష్ఠవం ఎక్కడ పుడుతుంది?

విద్యుత్ ధర మూడు అంచెలుగా ప్రయాణిస్తుంది. ఉత్పత్తి వ్యయం నుంచి టోకు ధరకు, టోకు ధర నుంచి పంపిణీ సంస్థ సగటు కొనుగోలు వ్యయానికి, ఆ వ్యయం నుంచి వినియోగదారుడి బిల్లుకు. ఈ మూడింటినీ కలగలిపి చర్చిస్తే నింద ఒకరిది, దోషం మరొకరిది అవుతుంది.

మొదటి అంచెలో, అంటే 2008లో మొదలైన విద్యుత్ ఎక్స్ఛేంజీలలో, ధర చురుకుగానే కదులుతుంది. రోజును 15 నిమిషాల చొప్పున 96 భాగాలుగా విభజించి వేలం జరుపుతారు. ఎండ బాగా కాసే వేళ సౌర విద్యుత్తు వెల్లువెత్తి ధర పడిపోతుంది, పొద్దుగూకగానే మళ్లీ లేస్తుంది. పైకీ కిందికీ ఒకే రోజులో కదిలే మార్కెట్టు ఇది. అయితే ఇక్కడ కూడా కొరత కాలంలో విక్రేతల బలం పెరుగుతుంది. 2022 మార్చిలో బొగ్గు కొరత, ముందుగా వచ్చిన ఎండలు కలిసి కొన్ని వేళల్లో యూనిట్ ధర రూ.20కి చేరింది. ఏప్రిల్‌లో కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి రూ.12 గరిష్ఠ పరిమితి విధించింది. 2023 ఏప్రిల్‌లో దానిని రూ.10కి తగ్గించింది. ఆ 2022 ఏప్రిల్‌లోనే ఆంధ్రప్రదేశ్ పరిశ్రమలకు విద్యుత్ విరామం ప్రకటించవలసి వచ్చింది.

రెండవ అంచెలో అసౌష్ఠవం మార్కెట్టు నిర్మాణంలోనే ఉన్నది. పంపిణీ సంస్థలు సింహభాగం విద్యుత్తును దీర్ఘకాలిక ఒప్పందాల ద్వారా కొంటాయి. ఆ ఒప్పందాల్లో స్థిర వ్యయం, చర వ్యయం వేర్వేరుగా ఉంటాయి. విద్యుత్తు తీసుకున్నా తీసుకోకపోయినా స్థిర వ్యయం చెల్లించాలి. ఎక్స్ఛేంజీలో ధర పెరిగిన రోజున లోటు పూడ్చుకోవడానికి అధిక ధరకు కొనక తప్పదు, సగటు వ్యయం వెంటనే పెరుగుతుంది. ధర పడిపోయిన రోజున చౌక విద్యుత్తు కొని థర్మల్ కేంద్రాన్ని ఆపివేద్దామంటే, యూనిట్లను సాధారణంగా 55 శాతం సామర్థ్యానికి దిగువకు దించడం సాంకేతికంగా సాధ్యపడదు. పైగా స్థిర వ్యయం ఎలాగూ తప్పదు. అంటే టోకు ధర పెరుగుదల పూర్తిగా లోపలికి వస్తుంది, తగ్గుదల గుమ్మం దగ్గరే చాలావరకు ఆగిపోతుంది. దీనికి ఎవరి దురుద్దేశమూ కారణం కాదు.

మూడవ అంచె అటువంటిది కాదు. అది నియమాల సృష్టి. 2022 డిసెంబరులో కేంద్రం సవరించిన విద్యుత్ నిబంధనలు కొనుగోలు వ్యయంలోని మార్పును నెలనెలా బిల్లులోకి మళ్లించే స్వయంచాలక ఏర్పాటును ప్రవేశపెట్టాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2023 ఏప్రిల్ నుంచి యూనిట్‌కు 40 పైసల వరకు ముందస్తు అనుమతి లేకుండా వసూలు చేసే వెసులుబాటు అమలులోకి వచ్చింది. మిగిలిన తేడాను సంవత్సరాంతంలో తేల్చుతారు. సూత్రరీత్యా సర్దుబాటు అనే మాటలో పెరుగుదల, తగ్గుదల రెండూ ఇమిడి ఉన్నాయి. ఆచరణలో పెరుగుదలకు తలుపు తెరిచే ఉంటుంది, తగ్గుదల మాత్రం తలుపు తట్టి, విచారణ ముగిసే దాకా నిలబడాలి. 2024–25 ఉదంతం చెబుతున్నది ఇదే. వసూలైన ప్రతి 40 పైసల్లో సుమారు 27 పైసలే న్యాయమైనవని ఏడాది గడిచాక తేలింది.

భారం మోసేవాడు ఒకడు, ఫలం పొందేవాడు మరొకడు

వ్యవధి ఎంతైనా చివరకు సొమ్ము తిరిగి వస్తున్నది కదా అన్న వాదన పట్టణ గృహస్థుడి విషయంలో కొంత చెల్లవచ్చు. డెల్టా సాగుదారు విషయంలో చెల్లదు. కారణం కౌలు.

ఒక ఉదాహరణ లెక్క చూద్దాం. రాయితీ ధర వర్తించని ఒక చెరువులో రెండు అశ్వశక్తుల ఏరేటర్లు నాలుగు ఉన్నాయనుకుందాం. ఒక్కొక్కటి గంటకు సుమారు ఒకటిన్నర యూనిట్లు వాడుతుంది. రోజుకు 10 గంటలు తిప్పితే 60 యూనిట్లు, 120 రోజుల పంటకు 7,200 యూనిట్లు. యూనిట్‌కు 40 పైసల చొప్పున సర్దుబాటు రుసుము రూ.2,880 అవుతుంది. అందులో అదనమని తరువాత తేలిన 13 పైసల భాగం రూ.936. ఒక పంట మొత్తం పెట్టుబడిలో ఇది చిన్న మొత్తమే. చెరువుల సంఖ్య, పంటల సంఖ్య పెరిగేకొద్దీ అది పెరుగుతుంది. అయినా అసలు ప్రశ్న మొత్తం గురించి కాదు, అది ఎవరికి చేరుతుందన్నది.

ఆ రూ.2,880 చెల్లించినవాడు కౌలుదారు. మీటరు భూయజమాని పేరున ఉంటుంది. తగ్గింపు కనెక్షన్‌కు చేరుతుందే తప్ప చెల్లించిన మనిషికి కాదు. ఏడాది తరువాత ఆ కౌలుదారు మరో ఊరిలో మరో చెరువు పట్టి ఉండవచ్చు, నష్టం వచ్చి సాగే మానుకొని ఉండవచ్చు. అప్పుడు అతని సొమ్ము యజమానికో, కొత్త కౌలుదారుకో దక్కుతుంది. తగ్గింపును నాటి వాడకం మీద కాక నేటి వాడకం మీద లెక్కిస్తే అన్యాయం మరింత పెరుగుతుంది. ధర పడిపోయి చెరువును ఖాళీగా ఉంచిన రైతు, అంటే సాయం ఎక్కువ అవసరమైన రైతు, ఏమీ పొందడు. కాలంలో ఉన్న అసౌష్ఠవం ఈ విధంగా మనుషుల మధ్య అసౌష్ఠవంగా మారుతుంది. సగటు ధరలు మాత్రమే చూసే విశ్లేషణకు ఇది కనిపించదు.

అదే సాగుదారు అమ్మకం వైపు కూడా ఇదే శాస్త్రానికి గురి అవుతున్నాడు. 2025 ఏప్రిల్‌లో అమెరికా సుంకాల ప్రకటన వెలువడిన కొద్ది రోజులకే డెల్టాలో రొయ్యల కొనుగోలు ధరలు పడిపోయాయి. సుంకం ఇంకా అమలు కాకముందే ధర తగ్గింది. కొనుగోలులో పెరుగుదల వెంటనే, అమ్మకంలో తగ్గుదల వెంటనే వచ్చినప్పుడు రైతు రెండు వైపులా వేగంగా నష్టపోతాడు. అనుకూలమైన మార్పు రెండు వైపులా ఆలస్యంగానే అందుతుంది.

పంపిణీ సంస్థల వాదన

ఎదుటి పక్షం వాదనలో బలం లేకపోలేదు. బొగ్గు, కొనుగోలు విద్యుత్తు ధరలు పెరిగినప్పుడు పంపిణీ సంస్థ ఉత్పత్తిదారుకు సకాలంలో చెల్లించాలి. ఆ వ్యయాన్ని సకాలంలో వసూలు చేయకపోతే అప్పు పెరుగుతుంది, దాని వడ్డీ చివరకు వినియోగదారుడి మీదే పడుతుంది. 2022–23 సంవత్సరానికి సంబంధించిన రూ.6,072 కోట్ల పైచిలుకు, 2023–24కు సంబంధించిన రూ.9,412 కోట్ల పైచిలుకు సర్దుబాటు మొత్తాలను 2024 చివరి నుంచి వాయిదాల్లో వసూలు చేయవలసి రావడం ఇందుకు నిదర్శనం. పెరుగుదలను కూడా పూర్తిగా వెంటనే వసూలు చేయడం లేదని, 40 పైసలకు మించినది ఏళ్ల తరబడి ఆగుతున్నదని సంస్థలు అనవచ్చు. అది వాస్తవం.

కాబట్టి పెరుగుదలను ఆపాలన్నది ఇక్కడి వాదన కాదు. బకాయిలను పేర్చి, ఎన్నో పంటల తరువాత ఒక్కసారిగా మోపడం కౌలుదారుకు మరింత అన్యాయం. నాటి కౌలుదారు వాడిన విద్యుత్తుకు నేటి కౌలుదారు చెల్లించవలసి వస్తుంది. కోరవలసినది ఒక్కటే: రెండు దిశలకూ ఒకే వేగం, ఒకే విధానం.

చేయదగిన మార్పులు

మొదటిది, నెలవారీ లెక్కలో వ్యయం తగ్గినట్లు తేలితే ఆ తగ్గింపు కూడా అదే వ్యవధిలో, అదే స్వయంచాలక పద్ధతిలో బిల్లులో కనిపించాలి. పెరుగుదలకు అక్కరలేని ముందస్తు విచారణ తగ్గుదలకూ అక్కరలేదు. 40 పైసలన్నది గరిష్ఠ పరిమితిగా ఉండాలే తప్ప, ప్రతి నెలా వసూలు చేసే స్థిర రుసుముగా మారకూడదు.

రెండవది, అధికంగా వసూలైన సొమ్ముకు, తక్కువగా వసూలైన సొమ్ముకు ఒకే వడ్డీ రేటు వర్తించాలి. ఆలస్యానికి మూల్యం ఉంటేనే ఆలస్యం తగ్గుతుంది.

మూడవది, తగ్గింపును వసూలైన కాలపు యూనిట్ల ఆధారంగానే లెక్కించాలి. ఏ నెలల వాడకానికి సంబంధించినదో బిల్లుపై తెలుగులో స్పష్టంగా ముద్రించాలి. అప్పుడు యజమానికీ కౌలుదారుకూ మధ్య లెక్క తేల్చుకోవడానికి ఒక ఆధారం ఉంటుంది.

విస్తరణ శాస్త్రజ్ఞుల బాధ్యత

ఈ మార్పులు నియంత్రణ మండలి చేతిలోనివి. మండలి బహిరంగ విచారణలు జరుపుతుంది, లిఖితపూర్వక అభ్యంతరాలు స్వీకరిస్తుంది. పరిశ్రమల ప్రతినిధులు అంకెలతో హాజరవుతారు. సాగుదారుల తరఫున మాట్లాడేవారి చేతిలో ఆవేదన ఉంటుంది, అంకెలు తక్కువగా ఉంటాయి. ఆ లోటును పూడ్చగలిగినవి వ్యవసాయ విశ్వవిద్యాలయం, కృషి విజ్ఞాన కేంద్రాలే.

సాగు వ్యయ సర్వేల్లో విద్యుత్తును ఒకే రూపాయల మొత్తంగా నమోదు చేయడం మానుకోవాలి. వాడిన యూనిట్లు, మూల ధర, సర్దుబాటు రుసుము, గత కాలపు బకాయి లేదా తగ్గింపు, బిల్లు చెల్లించిన వ్యక్తి, మీటరు యజమాని అన్నవి విడివిడి గడుల్లో ఉండాలి. మిల్లులు, గిడ్డంగులు, ఐసు ఫ్యాక్టరీలు రైతు నుంచి వసూలు చేసే రుసుములను నెలవారీగా నమోదు చేస్తే, విద్యుత్ వ్యయం పెరిగినప్పుడు ఆ రుసుము ఎన్నాళ్లలో పెరిగింది, తగ్గినప్పుడు ఎన్నాళ్లలో తగ్గింది అన్నది తేలుతుంది.

స్నాతకోత్తర విద్యార్థికి ఇది చక్కని పరిశోధనాంశం. పద్ధతి కఠినమైనది కాదు. వ్యయంలోని మార్పులను ధనాత్మకం, ఋణాత్మకం అని రెండు శ్రేణులుగా విడదీసి, ప్రతి దానికి ఎన్ని నెలల్లో ఎంత స్పందన ఉన్నదో వేర్వేరుగా అంచనా కట్టాలి. రెండు అంచనాలు గణాంకరీత్యా సమానమా కాదా అని పరీక్షించాలి. ధాన్యం, బియ్యం ధరల మధ్య ప్రసారాన్ని కొలవడానికి వాడే పద్ధతే ఇది.

క్షేత్ర స్థాయిలో సలహా ఇచ్చేవారు సాగుదారుకు చెప్పవలసినదీ ఒకటున్నది. కౌలు ఒప్పందంలో విద్యుత్ బిల్లు ఎవరిదని రాసుకుంటే చాలదు. ఆ కాలానికి సంబంధించి తరువాత వచ్చే బకాయి ఎవరు భరించాలి, తగ్గింపు ఎవరికి చెందాలి అన్నది కూడా రాసుకోవాలి. బిల్లుల నకళ్లు కౌలుదారు దగ్గర ఉండాలి. ఒక కాగితం, రెండు వాక్యాల పని ఇది.

ఎరువు ధర పెరిగితే సిఫారసు మోతాదును పునఃపరిశీలించే శాస్త్రం, విద్యుత్ ధర కదలికను ఇంతకాలం బయటి విషయంగా చూసింది. తెల్లవారుజామున ఏరేటరు ఆపలేని రైతుకు అది బయటి విషయం కాదు. అతడు అదనంగా చెల్లించిన 13 పైసలు అతడు సాగులో ఉండగానే అతని చేతికి చేరాలి.